మరక పట్టని గోడ

గవర్రాజు మాస్టారు పోయాక, ఆయన రోజూ తల ఆనించి కూర్చున్న చోట హాలు గోడ మీద మిగిలిన నూనె మరక ఇంటి పెద్దగా బాధ్యతలు స్వీకరించింది. ఇందులో వింతేమీ లేదు. ఆ వీధిలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాగే గోడల మీద కొనసాగుతున్నారు. వాళ్ల బాగోగులు చూడడానికి వార్డు ఆఫీసులో గోడల సెక్షనని ఒకటుంది. దానికో గుమాస్తా, ఆ గుమాస్తాకో కుర్చీ, ఆ కుర్చీ వెనక గోడ మీద ఇదివరకటి గుమాస్తా తాలూకు మరక ఉన్నాయి. సందేహం వచ్చినప్పుడు కొత్త గుమాస్తా వెనక్కి తిరిగి పాత గుమాస్తాని సంప్రదిస్తాడు. పని సాఫీగానే సాగిపోతోంది.

మాస్టారి మరక అరచేతికన్నా కాస్త పెద్దది. రంగు ముదిరి పాత చింతపండులా అయింది. గోడలకి రంగు వేయించినప్పుడల్లా దాని చుట్టూ జాగ్రత్తగా వదిలేస్తారు. పొద్దున్నే కొడుకు త్రిమూర్తులు పేపరు విప్పి దాని ముందు పట్టుకుంటాడు. జిల్లా పేజీ తొందరగా తిప్పకూడదు. ఆదివారం తలంటు రోజు గనక కోడలు హైమ రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది, వేలితో మెల్లగా రాస్తుంది. పెళ్లి పిలుపులకి వచ్చినవాళ్లు ముందు గోడకి బొట్టు పెట్టి, తరవాతే ఇంట్లోవాళ్లని పిలుస్తారు. ఎవరైనా ఫోన్ చేసి "మాస్టారున్నారాండీ?" అంటే, "ఉన్నారండి, గోడ మీదే ఉన్నారు" అని చెబుతారు. అయితే సాయంత్రం వస్తామని అవతలివాళ్లు పెట్టేస్తారు.

మరకకి మాట లేదు. నచ్చని పని జరిగితే అప్పుడే నూనె పెట్టిన తలలా మెరుస్తుంది. నచ్చితే ఏమీ జరగదు. బతికున్నన్నాళ్లూ ఆయన అంతే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆ పెద్దమనిషి నోట మెచ్చుకోలు విన్నవాళ్లు ఊళ్లో లేరు. వందకి తొంభై ఆరు తెచ్చిన కొడుకుని, మిగతా నాలుగూ ఎవరికి దానం చేశావురా అని అడిగిన ఘనుడు. ఆ కొడుక్కి ఇప్పుడు యాభై దాటాయి. కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజరు. డిగ్రీ చదివే కూతురు ప్రణవి ఉంది, బీపీ కూడా ఉంది. అయినా పొద్దున్న పనికి బయల్దేరేముందు ఓసారి గోడ వంక చూసి, మెరవకపోతేనే గుండె కుదుటపడి వెళ్తాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తను చేసిన పనిని నాన్న బాగుందనాలని అతని కోరిక. ఈ వయసులో చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

చిక్కు హైమ ట్యూషన్ దగ్గర వచ్చింది. ఆవిడ సాయంత్రాలు హాల్లో ఫోన్ ముందు కూర్చుని పైఊళ్ల పిల్లలకి లెక్కలు చెబుతుంది. చెప్పడం నేర్పింది మామగారే. ఆవిడ వెనక గోడ మీద మరక పిల్లలందరికీ కనబడుతుంది. ఒకరోజు హైమ భాగహారంలో మెట్లు దాటేసి అడ్డదారి చూపించింది. మరక ధగధగా మెరిసింది. అవతల పిల్లలు పెన్నులు ఆపేశారు. అప్పట్నుంచీ ఆవిడ ఏం చెప్పినా వాళ్లు ముందు గోడ వంక చూసి, మెరవకపోతేనే రాసుకోవడం మొదలెట్టారు.

"నేను పాఠం చెబుతున్నానో, మామయ్యగారి దగ్గర పరీక్ష రాస్తున్నానో తెలీడం లేదండీ," అంది హైమ మొగుడితో. "ఆయనంటే నాకు ప్రాణమే. మంచాన పడితే చేసినదాన్ని నేనే. కానీ రోజుకో గంటైనా నా మాట నా మాటగా చెల్లాలి కదా. పైఫ్లాట్‌వాళ్లు హాలు గోడంతా మూసేసే ప్యానెల్స్ పెట్టించుకున్నారు, ఎంత బాగుందో. మనమూ పెట్టిద్దాం."

త్రిమూర్తులు ముందు గోడ వంక చూశాడు. మెరవలేదు. అలాగని ధైర్యమూ రాలేదు. పెళ్లాన్ని కాదనలేడు, తండ్రిని కప్పెట్టలేడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది అతని పని. అలాంటప్పుడు మర్యాదస్తులు చేసేదే అతనూ చేశాడు. ఆఫీసుకి వెళ్లి కనుక్కుంటానన్నాడు.

గోడల గుమాస్తా సూరిబాబు విషయమంతా విని, ఓసారి వెనక్కి తిరిగి పాత గుమాస్తాని చూసుకుని, తల ఊపాడు.

"పెట్టుకోవచ్చండి. అభ్యంతరం ఏం లేదు. కాపోతే పనివాళ్ల చేత పెట్టించకూడదు. పెద్దాయనకి తలకొరివి ఎవరు పెట్టారండి?"

"నేనేనండి."

"అయితే ప్యానెల్సూ మీరే పెట్టాలండి. డ్రిల్లు, స్క్రూలు, జిగురు, అన్నీ మీ చేతుల మీదుగానే జరగాలి. బయటి చెయ్యి తగిలితే చెల్లదు."

"నాకు గోడకి మేకు దించడం కూడా రాదండి."

"తలకొరివి పెట్టడం మాత్రం ముందే వచ్చాండి? ఎవరో పక్కనుండి చెబుతుంటే పెట్టేశారు. ఇదీ అంతే. ఫోన్‌లో బోలెడు వీడియోలున్నాయి," అన్నాడు సూరిబాబు.

పనికి ముందు పెద్దాయన్ని కూడా అడగాలన్నది రూలు. ఆ అంగీకార విచారణ హాల్లోనే జరిగింది. సూరిబాబు కాఫీ తాగి, గొంతు సవరించుకుని, గోడకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాస్టారండీ, మీ అబ్బాయి మీ మీద ప్యానెల్స్ పెడతానంటున్నాడు. మీకు సమ్మతమేనాండీ?" అని మూడుసార్లు అడిగాడు. మరక మెరవలేదు. ఇంకేమీ చెయ్యనూ లేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు, కాబట్టి ఇది సగం అంగీకారమేనని, సగం అంగీకారానికి సగం గోడే వస్తుందని సూరిబాబు తేల్చాడు. రెండు చివర్ల నుంచీ మొదలుపెట్టి, సగం అయ్యాక ఆగాలి. మిగతా సగం అంగీకారం సంపాదించాకే మరక దాకా వెళ్లాలి. అదెలా సంపాదించాలని త్రిమూర్తులు అడిగితే, "అది మీ తండ్రీకొడుకుల వ్యవహారమండి, అందులో మేం తలదూర్చం" అని చెప్పి వెళ్లిపోయాడు.

కొట్టులో చెక్క రంగు పలకలు చూపించారు. నిలువు గీతలతో, చెయ్యి వేస్తే నున్నగా ఉన్నాయి. కొట్టతను ఒక పలక మీద పసుపు నీళ్లు పోశాడు, ఆవకాయ నూనె పూశాడు, తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాడు. "చూశారాండీ? జన్మలో మరక పట్టదు. గ్యారంటీ మాది," అన్నాడు. హైమ మొహం వెలిగిపోయింది. త్రిమూర్తులు కూడా మంచిదే అన్నాడు. అప్పుడతని దిగులంతా డ్రిల్లు గురించే.

వీడియోలో ఒకాయన నవ్వుతూ నవ్వుతూ గోడంతా కప్పేశాడు. త్రిమూర్తులు నవ్వకుండా మొదలెట్టాడు. ముందు గోడకి కిందా పైనా అడ్డంగా చెక్క రీపర్లు బిగించి, వాటి మధ్య పలకలు నిలబెట్టి జిగురుతో గోడకే అతికించాలి. మొదటి బెజ్జంలో ప్లగ్గు పట్టాల్సిన చోట అతని బొటనవేలు పట్టింది. ఇటుక పొడి కళ్లలోనూ, పప్పు గిన్నెలోనూ పడింది. హైమ ఏమీ అనకుండా పప్పు మళ్లీ వండింది. అసలు తప్పు మొదటి పలక దగ్గర జరిగింది. గుండు దారం కట్టి నిలువు చూసుకోవాలని వీడియోలో ఆయన చెప్పాడు గానీ, గుమ్మం పక్కనే ఉండగా దారమెందుకని త్రిమూర్తులు పలక అంచుని గుమ్మానికి ఆనించి సరిచూసుకున్నాడు. ఆ గుమ్మం కట్టిననాటి నుంచీ వంకరే. పలక పక్కన పలక పెట్టుకుంటూ పోతే గుమ్మం వంకర వంశపారంపర్యంగా అన్నిటికీ వచ్చింది.

మరక మెరవడం మొదలెట్టింది. లైటు వెయ్యకపోయినా హాల్లో వెలుతురుగా ఉంది. "మామయ్యగారికి ఇష్టం లేదేమోనండీ, పోనీ మానేద్దాం," అంది హైమ, పాపం భయపడి.

త్రిమూర్తులికి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. డ్రిల్లు కిందపెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రికి ఎదురు చెప్పాడు. "ఏం తప్పు చేశానో చెప్పు నాన్నా. ఊరికే మెరిస్తే నాకెలా తెలుస్తుంది? చిన్నప్పుడూ ఇంతే. తప్పని కొట్టేవాడివి, ఎక్కడ తప్పో చూపించేవాడివి కాదు." ఆ ఇటుక పొడిలోనే చతికిలబడ్డాడు.

మరక ఇంకాసేపు మెరిసి, తగ్గింది. తరవాత దాని అడుగున ఒక నూనె చుక్క ఊరింది. ఊరి, బరువెక్కి, గోడ మీద సన్నటి గీత గీసుకుంటూ నేల దాకా నిటారుగా దిగింది. త్రిమూర్తులు ఆ గీతనీ, తన పలక అంచునీ మార్చి మార్చి చూశాడు. రెండింటికీ మధ్య పైన మూరెడు ఎడం ఉంటే, కింద జానెడే ఉంది. తప్పెక్కడో నాన్న చూపిస్తున్నాడు.

జిగురు ఇంకా ఆరకముందే పలకలన్నీ ఊడదీసి మొదట్నుంచి పట్టుకున్నాడు. అతని చెయ్యి ఎక్కడ తప్పితే అక్కడ గోడ మీద కొత్త చుక్క దిగేది, దాన్ని చూసి సరిచేసుకునేవాడు. తండ్రీకొడుకులు కలిసి ఒక పని మీద అంతసేపు ఉండడం అదే మొదలు. మధ్యమధ్యలో అతను కోల్డ్ స్టోరేజి కబుర్లు కూడా చెప్పాడు. కొత్త మేనేజరు మిరపకాయల బస్తాలు తడిపేసిన సంగతి చెబుతూ తనే పగలబడి నవ్వాడు. చుక్క దిగినకొద్దీ మరక పలచబడుతోందని ముందు గమనించింది హైమే.

"ఏవండీ, మామయ్యగారు తగ్గిపోతున్నారు," అంది.

త్రిమూర్తులు ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు. వెంటనే మరక మెరిసింది. మొదలెట్టిన పని మధ్యలో ఆపేవాళ్లంటే ఆయనకి ఎప్పుడూ పడదు. ఇక చేసేదిలేక త్రిమూర్తులు మళ్లీ జిగురు డబ్బా అందుకున్నాడు.

సూరిబాబు వచ్చి నూనె గీతలు చూసుకుని వెళ్లి, పాత గుమాస్తాని సంప్రదించి, సాయపడడం కూడా అంగీకారం కిందికే వస్తుందని కబురు చేశాడు. మిగతా సగం గోడకి అలా అనుమతి వచ్చింది.

ఆఖరి పలక సరిగ్గా మరక మీదికి మిగిలింది. అది ఆదివారం గనక హైమ తలంటు నూనె రాసింది. వేలు తియ్యడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. త్రిమూర్తులు పేపరంతా చూపించాడు, జిల్లా పేజీ రెండోసారి కూడా చూపించాడు. తరవాత పలక వెనక జిగురు పూసి ఎత్తి పట్టుకుని, "నాన్నా, పెట్టేస్తున్నాను," అన్నాడు. పక్క పలకలన్నీ గీసినట్టు నిలువుగా ఉన్నాయి. ఒక్క అతుకూ కంటికి ఆనడం లేదు. మరక వంక చూశాడు. ఏమీ జరగలేదు. ఎంతసేపు నిలబడినా ఏమీ జరగలేదు.

"హైమా, చూశావా? నాన్న ఏమీ అనలేదు!"

అతని కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. ఆ ఇంట్లో అంతకుమించిన మెచ్చుకోలు ఇంతవరకూ ఎవరికీ దక్కలేదు. ఆ సంతోషంలోనే పలకని గోడకి పెట్టి, జిగురు పట్టేదాకా రెండు అరచేతులతో అదిమి పట్టుకున్నాడు.

కొన్నాళ్లకి సూరిబాబు తనిఖీకి వచ్చాడు. పలకల మీద వేళ్లతో కొట్టి చూసి, "మీరే పెట్టారంటే ఎవరూ నమ్మరండి," అన్నాడు. పెద్దాయన స్థానం ఖాళీ అయింది కాబట్టి వారసుడు ఇంట్లో ఎక్కడ కూర్చుంటాడో చూపించమన్నాడు. త్రిమూర్తులు హాలు నలుమూలలా చూశాడు. ఇన్నేళ్లూ గోడకి పేపరు చూపిస్తూ నిలబడ్డవాడే గానీ, ఆ ఇంట్లో తనకంటూ ఒక చోటు పెట్టుకోలేదు. చివరికి తండ్రి చోటే చూపించాడు. సూరిబాబు అతన్ని అక్కడ కూర్చోబెట్టి, తల ఆనించమని, కాసేపాగి లేవమన్నాడు. పలక మీద నూనె జాడ పడింది. హైమని అడిగి తడిగుడ్డ తెప్పించి ఒకసారి తుడిచాడు. శుభ్రంగా పోయింది.

"ఇదండి సంగతి. ఇకమీదట ఈ ఇంట్లో పెద్దవాళ్లెవరూ మిగలరు. మీతోనే మొదలండి."

"మరి పైఫ్లాట్‌వాళ్లో?" అడిగింది హైమ.

"వాళ్లూ అంతేనమ్మా. వీధిలో సగం మంది అంతే. వచ్చే నెల మా ఆఫీసులోనూ ఇవే పెడుతున్నారు." ఆ మాట అంటూ సూరిబాబు ఎందుకో తల వెనక తడుముకున్నాడు.

"పోనీ, ఈ ఒక్క పలకా తీసేస్తే?"

"తీస్తే జిగురుతో పాటు గోడ పైపూత ఊడొస్తుందమ్మా. దాంతోపాటు మాస్టారూ వచ్చేస్తారు."

హైమ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రిమూర్తులు పలకని ఓసారి నిమిరి, "గోడ శుభ్రంగా ఉంటుంది. మంచిదే కదండీ," అన్నాడు. సూరిబాబు కూడా మంచిదేనన్నాడు.

ఇప్పుడు పిల్లలు హైమ చెప్పింది చెప్పినట్టే రాసుకుంటున్నారు. ఆవిడ మాత్రం భాగహారంలో ఒక్క మెట్టూ వదలడం లేదు. చుట్టాలు వచ్చి గోడ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఎవరు పెట్టారని అడిగితే, నేనూ మా నాన్నా అని త్రిమూర్తులు చెబుతున్నాడు.

ఆదివారాలు అతను తలకి నూనె కాస్త ఎక్కువే పెట్టుకుంటాడు. తండ్రి చోట కూర్చుని, తల వెనక్కి గట్టిగా ఆనించి, పేపరు తనే చదువుకుంటాడు. జిల్లా పేజీ తొందరగా తిప్పడు. అతను లేవగానే ప్రణవి తడిగుడ్డ తెచ్చి, అతను ఆనుకున్న చోట గీత గీతకీ వేలుపెట్టి, ఎంతో శ్రద్ధగా తుడుస్తుంది. నాన్న చేత్తో పెట్టిన గోడ మరి.

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ త్రిమూర్తులు అడుగుతాడు. "ఏమైనా ఉందా అమ్మా?"

ప్రణవి వంగి, పలకని వెలుతురుకి అటునుంచీ ఇటునుంచీ చూసి, నవ్వుతూ చెబుతుంది.

"ఏమీ లేదు నాన్నా. మొత్తం పోయింది."