దుప్పటి మీద నాలుగు కాలేయాలు

బుధవారం పొద్దున తెపాయెరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అయితుతాకి దీవిలో పదిరోజుల డ్యూటీ ముగించుకుని తొమ్మిది గంటల విమానంలో తన సొంత దీవి రరొటోంగాలో దిగాలి. ఇంటికి వెళ్ళి దుప్పటి తీసుకోవాలి. పదకొండింటికి నర్సుల శిక్షణాలయంలో నోటి పరీక్షకు నిలబడాలి. ఆ తెల్ల దుప్పటి మీద ఆమె వారంపాటు కూర్చుని గుండె నుంచి పొట్టలోకి వెళ్ళొచ్చే రక్తనాళాలన్నీ గీసింది, ధమనులు ఎరుపు, సిరలు నీలం. పోయిన ఏడాది ఇదే పరీక్షలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరును చూడగానే నోరు పెగల్లేదు. ఈసారీ తప్పితే నర్సు చదువుకు నీళ్ళొదులుకోవడమే. బొమ్మ ఎదురుగా ఉంటే మాట దానంతటదే వస్తుందని ఆశ.

ఇంట్లో దుప్పటి లేదు. అమ్మమ్మ అకాయితి మాత్రం చర్చి గౌను వేసుకుని, తలమీద పూలకిరీటంతో వసారాలో సిద్ధంగా కూర్చుంది.

"అమ్మమ్మా, నా దుప్పటేదీ?"

"ఉతికేశానే."

తెపాయెరు మెట్టు మీద కూలబడింది. "ఉతికావా? అది నా పరీక్షే!"

"గీతలు పోకపోతే అస్తరుకు పనికిరాదు కదా. కంగారుపడకు, కుట్టడం అయిపోయింది. ఫోనులో నువ్వేగా అన్నావు, డాక్టరుగారి ముందు పరచాలి జాగ్రత్త అని? అంత దూరం నుంచి వచ్చిన మనిషి ముందు గీతల గుడ్డ పరుస్తామా? తలెత్తుకు తిరగొద్దూ?"

అకాయితిని తప్పుపట్టడానికీ లేదు. ఆ దీవిలో దుప్పటి మీద కొమ్మలూ రెమ్మలూ గీసి కనిపిస్తే అది తివైవైకి నమూనా తప్ప మరొకటి అనుకునే అమ్మమ్మ లేదు. రంగుగుడ్డను పూలుగా, తీగలుగా కత్తిరించి అతికించి కుట్టిన ఆ దుప్పటిని గొప్ప అతిథికి కప్పడం అక్కడి మర్యాద. మనవరాలి పరువు కోసం అకాయితి ఎనిమిదిమందిని పోగేసి, పదిరోజులు చర్చి హాల్లో కూర్చోబెట్టింది.

గుడ్డను నాలుగు మడతలు వేసి కత్తిరించడం ఆమెకు అలవాటైన పద్ధతి. అందుకని బొమ్మలో తనకు ముద్దొచ్చిన మూల ఒక్కటే తీసుకుంది. ఆ మూలలో కాలేయం ఉంది. మడత విప్పేసరికి నడుమ గుండె, చుట్టూ నాలుగు కాలేయాలు తేలాయి.

అదంతా అమ్మమ్మ నోట విని, "ప్లీహం ఏదే?" అంది తెపాయెరు ఏడుపుగొంతుతో.

"ఆ అవతలి మూలదా? సొగసు లేదు, వదిలేశాం."

"మరి పేగులు?"

"ఆ మెలికలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయంది పక్కింటి నాపోకో. మందారాలు పెట్టాం."

ఏడవడానికి టైము లేదు. వాకిట్లో ట్రక్కు హారన్ కొడుతోంది. వెనక ఎనిమిదిమంది ముసలమ్మలు, ఉడికించిన టారో దుంపల గంప, మధ్యలో పసిపిల్లను పడుకోబెట్టినట్టు దుప్పటి.

ఆ న్యూజిలాండ్ డాక్టరు హార్వుడ్ అరవై దాటిన పొడుగాటి మనిషి. పరీక్ష పెట్టడానికి కుర్చీలో కూర్చుంటే ముసలమ్మలు వరసగా లోపలికొచ్చి, ప్రార్థన చేసి, పాట పాడి, ఆ ఉక్కలో ఆయనకు దుప్పటి కప్పేశారు. ఒక కాలేయం ఆయన భుజం మీదా, ఒకటి మోకాలి మీదా పడ్డాయి. తర్వాత వాళ్ళు గోడవారన చాపలు పరుచుకుని కూర్చున్నారు. కానుక తెచ్చినవాళ్ళను బయటికి పొమ్మనే ధైర్యం ఆయనకు లేకపోయింది.

"చెప్పమ్మా, పేగులకు రక్తం ఎలా వస్తుంది, ఎలా పోతుంది?"

తెపాయెరు నోరు తెరిచింది. మాట రాలేదు. డాక్టరు చెమట తుడుచుకున్నారు.

ఆ నిశ్శబ్దంలో అకాయితి నాపోకో చెవిలో, అంటే గది మొత్తానికీ వినబడేలా, అంది: "ఈ నీలం తీగను తిన్నగా గుండెకు కలిపింది నేనే. పిల్ల ఎక్కడెక్కడో తిప్పింది, గుడ్డ దండగ."

"తిన్నగానా?" తెపాయెరు గిర్రున తిరిగింది. "కొంప ముంచావు కదే అమ్మమ్మా! బృహద్ధమని నుంచి మూడు కొమ్మలొస్తాయి. మొదటిది జీర్ణాశయానికీ కాలేయానికీ ప్లీహానికీ, రెండోది చిన్నపేగుకూ పెద్దపేగులో ముందు భాగానికీ, మూడోది మిగతా పెద్దపేగుకూ. అవి మోసేది మంచి రక్తం. తిరిగొచ్చేది అలా కాదు, తిన్నదంతా కలుపుకుని వస్తుంది. పక్క దీవి నుంచి మూటలొస్తే రేవులో తనిఖీ కాకుండా మన వంటింటికి రానిస్తారా? పేగుల సిరా, ప్లీహం సిరా కలిసి పోర్టల్ సిరై ముందు కాలేయానికే పోవాలి. అది వడకట్టాకే గుండెకు!"

"ఆ దారి మూసుకుపోతే?" అన్నారు హార్వుడ్ దుప్పట్లోంచి.

"కాలేయం గట్టిపడితే రక్తం వెనక్కి తంతుంది డాక్టరుగారూ. అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బుతాయి, ఒకరోజు పగులుతాయి. మనిషి రక్తం కక్కుకుంటాడు."

అకాయితి మెల్లగా లేచి నిలబడింది.

"మీ తాత రక్తం కక్కుకుని పోయాడే, అదేనా?"

తెపాయెరు గొంతు తగ్గింది. "అదే అమ్మమ్మా."

"ఆ మధ్యాహ్నం నేను పెట్టిన చేప వల్ల కాదా? ముల్లు సరిగా తియ్యలేదేమో అని..."

"చేప కాదే. ఎన్నేళ్ళ నుంచో లోపల గట్టిపడుతూ వచ్చింది. నువ్వేం చేసినా, ఏం చెయ్యకపోయినా అంతే."

పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని మాట అది. అకాయితి చాప మీద కూర్చుని, చర్చి గౌను అంచుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. తెపాయెరు పరీక్ష సంగతి మరిచిపోయి వెళ్ళి ఆమెను పట్టుకుంది. ఎనిమిదిమందీ ముక్కులు చీదారు. హార్వుడ్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

తర్వాత కాగితం మీద ఏదో రాసి తెపాయెరుకు ఇచ్చారు. "వందకు ఎనభై ఎనిమిది. ప్లీహం గురించి ఇంకా అడిగేవాణ్ణి, కానీ నా ఒంటి మీద లేదు."

నెల తిరక్కుండానే శిక్షణాలయం తలుపు మీద నోటీసు వెలిసింది: పరీక్ష గదిలోకి అమ్మమ్మలకు ప్రవేశం లేదు.