మెట్లు లేని బురుజు

ఆ శనివారం ఉదయం యూఫీమియా పార్జెటర్ అనుకున్న పని ఒక్కటే. ఎదురింటి లవీనియా టిక్నర్‌ను మధ్యాహ్నం టీకి పిలవాలి, ముందుగదిలో కూర్చోబెట్టాలి, పంపేయాలి. నార్వుడ్‌లో వాళ్ల వీధిలో బురుజున్న ఇళ్లు రెండే. ఒకటి టిక్నర్లది. రెండోది పార్జెటర్లు ఆ వసంతంలో కట్టించారు. అది రెండడుగులు ఎక్కువ ఎత్తు.

లవీనియా రెండో కప్పు కూడా ముగించింది.

"రోజూ బురుజులో కూర్చుని బైబిలు చదువుతానని చర్చిలో అందరికీ చెప్పారటగా. ఈ కేకు ముక్కలు అక్కడే తిందాం పదండి."

బురుజుకు మెట్లు లేవు. తలుపూ లేదు. మేస్త్రీ పుస్తకంలో బొమ్మ చూపించాడు, బొమ్మలో ఉన్నంత కట్టాడు. పూర్వం కోటలకు బురుజులు కట్టినవాళ్లకు శత్రువులుండేవారు. పార్జెటర్లకు ఎదురిల్లు ఉంది. ఈ సంగతి బయటపడితే యూఫీమియా ఇక చర్చిలో తలెత్తుకోలేదు.

"ఇప్పుడు కుదరదండీ. అక్కడ మావారు ప్రార్థనలో ఉన్నారు."

నడవలో పేపరు చదువుకుంటున్న సెప్టిమస్ పార్జెటర్ ఆ మాట విన్నాడు. చెప్పులు చప్పుడు కాకుండా బురుజు కిందున్న అటకెక్కాడు. బొగ్గు కొట్టే సుత్తితో అటక పైకప్పుకు కన్నం పెట్టడం మొదలుపెట్టాడు.

"ఏమిటా చప్పుడు?" అంది లవీనియా.

"పాపాలు ఒప్పుకుంటూ గుండెలు బాదుకుంటారు."

"చాలానే ఉన్నట్టున్నాయి."

చప్పుడు ఆగింది. తర్వాత కేక వినిపించింది. "యూఫీ, ఇరుక్కుపోయానే!"

యూఫీమియా లేచేసరికి లవీనియా అటక మెట్ల మీద ఉంది. అటక పైకప్పు నుంచి రెండు కాళ్లు వేలాడుతున్నాయి. ఒక కాలికే చెప్పుంది. నడుము నుంచి పైభాగం బురుజులో ఉంది.

"ఏమండీ, ప్రార్థన అయిందా?" అంది యూఫీమియా.

"అయింది. పావురాలు పొడుస్తున్నాయి."

లవీనియా ఆ కాళ్లను కాసేపు చూసింది. చేతి తొడుగులు తీసి సంచిలో పెట్టుకుంది.

"సబ్బు దండగ. పంది కొవ్వు తెప్పించండి. నడుము చుట్టూ పట్టించి, ఎడమకు తిప్పుతూ లాగాలి."

"మీకెలా తెలుసు?"

"మా బురుజులో మేం సబ్బుతో మొదలుపెట్టాం. గురువారం ఇరుక్కున్న మనిషి ఆదివారానికి దిగాడు."

మరునాడు చర్చిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బురుజుల్లోంచి ఏం కనిపిస్తుందని పాదిరీగారి భార్య అడిగింది. సముద్రమని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

నార్వుడ్‌కు సముద్రం నలభై మైళ్ల పైమాటే.