మాస్టారు తీసిన మూత

ఆ ఆదివారం పొద్దున లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: భార్య స్నానం చేసి వచ్చేలోపు వంటింటి బల్ల తుడిచేసి మంచిపేరు కొట్టేయడం. తీరా చూస్తే బల్ల మీద ఈగల సీసా ఉంది. జన్యువుల ప్రయోగశాలలో పనిచేసే భార్య సెలవురోజు పని కోసం తెచ్చుకున్నది. "ఇందులో జన్యువు మారిన ఈగలున్నాయి. అవి పోయాయంటే నా ఉద్యోగం గోవిందా! ముట్టుకోకండి" అని నిన్ననే చెప్పింది. ఎలాంటి మార్పో కూడా చెప్పింది గానీ, ఆయన అప్పుడు ఆవలిస్తున్నారు.

సీసా అడుగున నలిగిన కాగితం, కుళ్ళిన అరటిపండు. పాపం, వాటికి కాస్త మంచి ముక్క పెడదామని మాస్టారు మూత తీశారు. ఈగలు బిలబిలమంటూ లేచి కిటికీలోంచి ఊరిమీద పడ్డాయి.

"ఒరేయ్, కోడలి ఉద్యోగం ఎగిరిపోతోందిరా!" అని గుమ్మంలోంచి తల్లి కేకేసింది.

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. మూత బిగించి, ఖాళీ డబ్బా పట్టుకుని వీధి చివర పళ్ళకొట్టుకు పరుగెత్తారు. ఈగ ఏదైనా ఈగే కదా అని ఆయన లెక్క. అరటిగెల చుట్టూ ముసిరినవాటి మీదికి డబ్బా బోర్లించబోతుంటే కొట్టాయన బెదిరిపోయాడు.

"ఆరోగ్యశాఖ నుంచా సార్? మా కొట్లో ఈగలుండవు సార్!" అంటూ తువ్వాలు టపటపా విసిరి అన్నిటినీ తరిమేశాడు.

"అయ్యో, తోలకు బాబూ! నాక్కావలసింది ఈగలే!"

"కేసు రాయకండి సార్, పిల్లలు గలవాణ్ణి" అని నిగనిగలాడే అరటిపళ్ళు చేతిలో కుక్కాడు.

ఈగలకని వెళ్ళి పళ్ళతో తిరిగొచ్చిన మాస్టారు, వంటింట్లో సీసా పట్టుకుని నిలబడ్డ భార్యను చూసి నీరుగారిపోయారు.

"మూత తీసింది నేనే. నీ ఉద్యోగం నేనే పోగొట్టాను" అన్నారు.

ఆమె సీసాను వెలుతురుకు పట్టింది. కాగితం మడతల్లోంచి ఈగలు ఒక్కొక్కటే వచ్చి తాపీగా నడుస్తున్నాయి. ఒక్కదానికీ రెక్కల్లేవు.

"ఇవండీ నావి! రెక్కలు మొలవకపోవడమే వీటిలో వచ్చిన మార్పు. మామూలు ఈగలు ఎలాగో కలిసిపోయాయి. ఇవాళంతా కూర్చుని ఏరేద్దామనుకున్నా, మీరే పంపించేశారు. పెనుగాలులు వీచే దీవుల్లోనూ ఇంతే. ఎగిరేవి కొట్టుకుపోతాయి, నడిచేవి మిగిలి పిల్లల్ని కంటాయి."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి, హాయిగా ఒక పండు ఒలిచారు.

"రేపు బడికి సెలవు పెట్టండి" అందామె. "ప్రయోగశాలలో ఇలాంటి సీసాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి."