జయరాముడి చేన్లో మద్దిలేటి కంటద్దం

పొద్దు పొడవగానే ఎద్దులు కట్టాలి, మధ్యాహ్నం సంగటి వేళకు విత్తడం ముగించాలి. జయరాముడి పథకం అంతే. రాత్రి మంచి వాన పడింది. ఎర్రనేలలో ఆ తడి పదును ఒక్కరోజుకు మించి నిలవదు. ఎద్దులేమో ఈరప్ప దగ్గర బాడుగకు తెచ్చినవి, రేపు ఇంకొకరి చేన్లో ఉంటాయి. రెండేళ్లుగా వేరుశనగ చేతికి రాని ఇల్లు అది. ఈ రోజు విత్తనం నేలలో పడకపోతే మూడో ఏడూ గోవిందా.

విత్తనాల గంప మోయడం మతియాస్ పని. చిలీ దేశం నుంచి స్వచ్ఛంద సేవకు వచ్చిన ఈ ఇరవై మూడేళ్ల కుర్రాడు ఆరునెలలుగా జయరాముడి ఇంట్లోనే ఉంటున్నాడు. రైతులకు నీటి పొదుపు నేర్పమని ఒక సంస్థ అతణ్ణి పంపింది. వారానికి రెండుసార్లు కుళాయి వచ్చే ఊళ్లో నీటి పొదుపు ఎవరు ఎవరికి నేర్పారో చెప్పనక్కర్లేదు. ఆ పేరు నోరు తిరగక జయరాముడి భార్య అంజనమ్మ అతణ్ణి మద్దిలేటి అంది. ఊరంతటికీ అదే ఖాయమైంది.

ఎద్దులు కట్టకముందే మతియాస్ కంట్లో పురుగు పడింది. నలిపాడు. కంటిపాపకు అంటించుకునే పల్చటి అద్దం జారి చేన్లో పడింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు నేలకు ఆనేలా వంగి వెతకసాగాడు.

ఇంకే ఊళ్లో అయినా ఎవరూ పట్టించుకోరు. కానీ అది వజ్రకరూరు పక్క ఊరు. వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందని తొలకరికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేలమ్మట వంగి తిరిగే చోటు. ముదిగుబ్బ నుంచి ఆ పని మీదే వచ్చిన ఓబిలేష్ మోటర్ సైకిల్ ఆపాడు.

"ఏమన్నా, ఏం దేవులాడుతాండావు?"

"కంట్లో పెట్టుకునే అద్దం పడిపోయినాదన్నా."

ఓబిలేష్ నవ్వాడు. "పోయినేడు మా బామ్మర్దికి రాయి దొరికినప్పుడు వాడూ ముక్కుపుల్ల పడిపోయినాదన్నాడు."

"వజ్రం కాదన్నా! ఒట్టు!"

"కాదనే అనల్ల. దొరికినోడు యాడన్నా దొరికినాదంటాడా?"

ఆ ప్రాంతపు ధర్మం అది. రాయి దొరికినవాడు నోరు విప్పడు, విప్పితే వాటాలకొచ్చేవాళ్లు ఎక్కువ. కనుక లేదన్నవాడి దగ్గరే ఉన్నట్టు లెక్క. ఓబిలేష్ ఫోన్ తీశాడు.

అరగంటలో ఇరవై మోటర్ సైకిళ్లు, నాలుగు ఆటోలు వచ్చాయి. గంటకు చేనంతా వీపులే. ఆ వెనకే మిరపకాయ బజ్జీల బండి వచ్చి గట్టు మీద పొయ్యి వెలిగించింది.

"లేయండప్పా! ఇత్తుకోవల్ల!" అని జయరాముడు అరిచాడు.

"చూడు, తరుముతాండాడు. పెద్దదే దొరికింటాది," అన్నారు వీపులెత్తకుండానే.

అంజనమ్మ పేడ పట్టుకుని వెంటపడింది. ఆమె ఎటు తరిమితే రాయి అటు లేదని, ఆమె నిలబడ్డ చోటే ఉందని తేల్చి జనం ఆమె కాళ్ల చుట్టూ చేరారు.

మతియాస్‌కు ఒక ఉపాయం తట్టింది. రెండో కంట్లోని అద్దం తీసి వేలి మీద పెట్టి చూపించాడు. "ఇదో, ఇట్లాంటిదే పడినాది. చూడండి!"

చేన్లోని వీపులన్నీ ఒక్కసారిగా లేచాయి.

"కంట్లో దాపెట్టినాడురా!" అన్నాడు ఓబిలేష్, భక్తిగా.

ఆ అద్దం చేతులు మారుతూ పోయి ఎక్కడో మాయమైంది. ఇప్పుడు మతియాస్‌కు ప్రపంచమంతా మసక. ఆ మసకలోనూ జయరాముడు గట్టు మీద తలపట్టుకుని కూలబడటం కనిపించింది. ఎండ ఎక్కుతోంది, పదును ఆరుతోంది. అన్నం పెట్టిన ఇంటికి తాను చేసిన సేవ ఇదా అని కుర్రాడికి ఏడుపొచ్చింది. లేదన్న కొద్దీ వస్తున్నారు. మరి ఉందంటే?

బజ్జీల బండి ఎక్కి గొంతు చించుకున్నాడు. "అవును! నాకు వజ్రం దొరికినాది! నిమ్మకాయంత! ఈడ ఇంకా శానా ఉండాయి! అందరూ రాండి, దేవులాడండి!"

ఓబిలేష్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "నిమ్మకాయంత దొరికినోడు బండెక్కి అరుస్తాడా? వీనికి ఏమీ దొరకలే. ఉత్త పిచ్చినాయాలు. పదండప్పా!"

పావుగంటలో చేను ఖాళీ అయింది. అమ్ముడుపోని బజ్జీలకు మతియాస్‌ను నాలుగు తిట్లు తిట్టి బండివాడు కూడా కదిలాడు. అంజనమ్మ విత్తనాల గంప ఎత్తింది. జయరాముడు పరుగున ఎద్దులు కట్టి, గొర్రు పట్టుకుని, ఎందుకో ఆగాడు.

"మద్దిలేటీ, దొరికినాదని అరిస్తివే, నిజమా?"

"లేదు నాయనా. ఉత్త అబద్ధం. నాకేమీ దొరకలేదు, నీ మీదొట్టు."

జయరాముడు అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. "సరేలే," అని నెమ్మదిగా తల ఊపి ఎద్దుల్ని అదిలించాడు.

ఆ ఏడు చేన్లో పైరు బాగానే మొలిచింది గానీ, ఎద్దుల్ని వాటి దారిన వదిలేసి మట్టిలో మెరుపు కోసం చూస్తూ నడిచిన జయరాముడి పుణ్యమా అని సాళ్లలో ఒక్కటీ తిన్నగా లేదు.