ఎడారి నుంచి వచ్చిన దుమ్ము

ఇంట్లో దుమ్ము పడిందని విసుక్కుంటూ గుడ్డ తీస్తున్నారా? ఆగండి! ముందు అది ఏ దేశపు దుమ్మో కనుక్కోండి. పాస్‌పోర్టు లేకుండా సముద్రం దాటి మన గుమ్మంలోకి వచ్చిన అతిథిని చీపురుతో కొట్టడం మర్యాదేనా?

జగ్గయ్యపేట దగ్గర పత్తి వేసుకుని బతికే తిరుపతిరావుకు ఈ మర్యాద తెలియదు. ఆయన చేను పక్కన రాళ్ల క్రషర్ ఒకటి వెలిసింది. అది ఆడటం మొదలయ్యాక పచ్చటి ఆకులు బూడిదరంగుకు తిరిగాయి. డాబా మీద ఆరేసిన చీరలు పిండిమరలో ఆరేసినట్టు తయారయ్యాయి. అంతవరకూ సర్దుకున్నాడు. కానీ భార్య పుష్పవతికి దగ్గు పట్టుకుంది. నాలుగు మాటలు మాట్లాడాలంటే మధ్యలో గోడ పట్టుకుని ఆగాల్సి వస్తోంది. నందిగామ డాక్టరుగారు మందులు రాసి, "ముందు ఆ దుమ్ము తప్పించండి" అన్నారు.

తప్పించమని అడగడానికి కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి అధికారి భవానీప్రసాద్ ఎంతో మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పాడు.

"ఇది శాటిలైట్ ఇమేజ్ అండీ. ఈ పసుపు మరక చూశారా? అరేబియా నుంచి బయల్దేరిన ఎడారి దుమ్ము. ఈ చార ఎక్కడో అడవి తగలబడితే వచ్చిన పొగ. రెండూ మీ మీదుగానే పోతున్నాయి!"

"మరి మా పక్కన క్రషర్ ఇందులో ఎక్కడుందండి?"

భవానీప్రసాద్ బొమ్మను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. చివరికి ఊరు ఊరంతా ఒక బూడిదరంగు గడి అయి కూర్చుంది.

"అంత చిన్నది ఇందులో కనపడదండీ. కనపడనిదాని మీద నేనేం యాక్షన్ తీసుకుంటా?"

"బస్సెక్కితే కనపడుద్దండి."

"బస్సు సైంటిఫిక్ ఎవిడెన్స్ కాదు తిరుపతిరావుగారూ!"

ఎంత గొప్ప మాట! మన తాతలు పాపం వీధి చివరి దుమ్ముకే దగ్గి పోయారు. పుష్పవతి అంతర్జాతీయ స్థాయిలో దగ్గుతోంది. ఆమె ఛాతీలోకి ఖండాంతరాల నుంచి సరుకు దిగుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఏడు పత్తి చేతికి రాలేదు. ఒళ్లు మండి, తిరుపతిరావు ఎండిన పత్తి కట్టె పీకించి, కుప్ప పోయించి నిప్పు పెట్టాడు. ఎన్నిసార్లు బతిమాలినా ఆ దారి తొక్కని ఆఫీసు జీపు మర్నాడే చేలోకి వచ్చి ఆగింది.

"శాటిలైట్‌లో మీ చేను ఎర్రచుక్కగా వచ్చిందండీ. పంట కట్టె తగలబెట్టకూడదు. ఇదిగో నోటీసు" అన్నాడు భవానీప్రసాద్.

"అంత క్రషర్ కనపళ్లేదు గానీ, నా కట్టె కుప్ప కనపడిందాండి?"

"నిప్పు వేడి కదండీ, ఇట్టే దొరికిపోతుంది. దుమ్ము చల్లగా..."

మాట పూర్తికాలేదు. క్రషర్ వైపు నుంచి గాలి తిరిగింది. అధికారి దగ్గుతూ, కర్చీఫ్ ముక్కుకు అడ్డం పెట్టుకుని జీపులో పడ్డాడు. డ్రైవరు వైపర్లు వేశాడు. కిటికీ సందులోంచి నోటీసు మాత్రం భద్రంగా బయటికి వచ్చింది.

ఆకాశంలో తిరిగే ఆ యంత్రాన్ని తిట్టి ఏం లాభం? అది తన పని తాను చేసింది. కింద కుర్చీల్లో ఉన్నవాళ్లకే మెడ పైకి తప్ప పక్కకు తిరగదు!

దగ్గు ముదిరింది. ఇక లాభం లేదని తిరుపతిరావు చేను అమ్మకానికి పెట్టాడు. దుమ్ము కొట్టుకుపోయిన చేను ఎవరు కొంటారు? క్రషర్ వాళ్లే కొన్నారు, వాళ్లు చెప్పిన ధరకే. భార్యను తీసుకుని, ఆమె చెల్లెలు ఉండే చెవిటికల్లు చేరాడు. కృష్ణ ఒడ్డు గాలికి పుష్పవతి మెల్లగా తేరుకుంది. ఒకరోజు చెల్లెలితో పొద్దుటి నుంచీ ఎడతెగకుండా మాట్లాడుతుంటే, తిరుపతిరావు అరుగు మీద కూర్చుని వింటూ కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. చేసింది భవానీప్రసాద్.

"తిరుపతిరావుగారూ, మీ కంప్లయింట్ ఇంకా పెండింగ్‌లో ఉందండీ. ఇప్పుడు ఇబ్బందేమైనా ఉందా?"

"మాకేం లేదండి. ఊరొదిలి వచ్చేశాం."

"చాలా సంతోషం! అయితే క్లోజ్ చేసేస్తున్నా."

"దుమ్ము పోయిందనాండి?"

"అబ్బే! దగ్గేవాళ్లు లేరని."