ఉత్తుత్తి ఉత్తరాలు

ఆ ఉదయం పథకం చాలా చిన్నది. భార్య లైబ్రరీకి వెళ్తుంది. భర్త ఇంట్లో కూర్చుని, తాను రాసిన ప్రోగ్రామును ఒక్కసారి ఉత్తుత్తిగా నడిపి చూసి, పదింటికల్లా లేచి బట్టలు ఆరేస్తాడు. ఇంతకన్నా నిరపాయమైన పథకం ఏ సంసారంలోనూ ఉండదు.

ఆవిడ లైబ్రేరియన్. దర్జీ షాపు పైన రెండు గదుల లైబ్రరీ అది. చదివేవాళ్ళు రావడం మానేశారు కాబట్టి ఆ గదుల్ని గోదాము చేసేద్దామని కమిటీ అనుకుంటోంది. కళ్ళారా చూసి తేల్చడానికి కమిటీ అధ్యక్షుడు ఆ రోజే పదకొండింటికి వస్తున్నాడు. అలమరలేమో సగం ఖాళీ. పట్టుకెళ్ళినవాళ్ళు పుస్తకాలు తిరిగివ్వలేదు. వాళ్ళ ఫోన్లకి ఉత్తరాలు పంపే ప్రోగ్రాము రాసిపెట్టమని ఆవిడ భర్తని అడిగి నాలుగు నెలలైంది. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కాబట్టి నాలుగు నెలలే పట్టింది.

"ఏమండీ, ఉత్తరం నేను రాసిస్తాను. అందాకా ఎవరికీ పంపకండి," అంది చెప్పులేసుకుంటూ.

"ఉత్తుత్తిగానే నడుపుతాలే. ఒక్కరికి కూడా వెళ్ళదు, నన్ను నమ్ము."

పదమూడేళ్ళుగా నమ్ముతోంది కాబట్టే ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. ఈలోగా బస్సు వచ్చేసింది.

"ఉత్తుత్తి" అన్న మాట అందితే ఆ ప్రోగ్రాము ఎవరికి ఏం వెళ్తుందో తెర మీద చూపించి ఊరుకుంటుంది. అందకపోతే నిజంగానే పంపేస్తుంది. అయితే ఆయన దాన్ని నేరుగా నడపడు. బిల్డ్ టూల్ అనే మధ్యవర్తికి చెప్పి నడిపిస్తాడు. ఆ మధ్యవర్తికో పట్టింపుంది. తనతో చెప్పే మాటలు ముందు, ప్రోగ్రాముకి చేరవలసిన మాటలు వెనక, మధ్యలో రెండు అడ్డగీతలు ఉండాలి. లేకపోతే అన్నీ తనకే అనుకుని గుటుక్కున మింగేసి, నోరు మెదపకుండా పని కానిచ్చేస్తుంది. ఆఫీసులో కొత్తవాళ్ళకి ఈ సంగతి నేర్పేది సాక్షాత్తూ ఆయనే. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడు ఆ గీతలు మరిచిపోయాడు.

అసలు ఉత్తరం చేతికి రాలేదు కదా, నమూనాకి తోచింది రాసుకున్నాడు: "మా పుస్తకం మీ దగ్గరుంది. ఇవాళ తెచ్చివ్వకపోతే మేమే మీ ఇంటికొచ్చి, మీరు దాన్ని చదివి వినిపించేదాకా కదలం." ఆదేశం చివర "ఉత్తుత్తి" అని చేర్చి, తనలో తాను నవ్వుకుంటూ మీట నొక్కాడు. పేర్ల జాబితా రాలేదు. "పూర్తయింది" అని మాత్రం వచ్చింది.

"పూర్తవడమేమిటి, నీ మొహం," అంటూ మళ్ళీ నొక్కాడు. మూడోసారి "ఉత్తుత్తి" అని రెండుసార్లు కొట్టి మరీ నొక్కాడు.

ఫోను మోగింది. భార్య.

"ఏం చేశారండీ? రిటైరైన టీచరమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. పొద్దున్నే మూడు ఉత్తరాలా, నేనేమన్నా దొంగనా అంటోంది!"

"అయ్యో, అవి ఉత్తుత్తివే!"

"ఆవిడ ఏడుపు మాత్రం నిజమేనండీ."

ఆయన గబగబా క్షమాపణ రాశాడు. ఇందాకటి ఆదేశం చివరే ఆ క్షమాపణ ఫైలు పేరు చేర్చి నొక్కాడు. చెప్పింది మళ్ళీ మధ్యవర్తికే, గీతలు లేకుండానే. ఆ పేరూ దాని కడుపులోకే పోయింది. ప్రోగ్రాము తనకు తెలిసిన పాత ఉత్తరాన్నే రెండు వందల పన్నెండు మందికీ నాలుగోసారి పంపింది.

అప్పుడు తట్టింది గీతల సంగతి. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ తనని అడిగిందే ఒక్కటి, అదీ ఇలా తగలేశాడు. అసలు నాలుగు నెలలుగా ఆవిడ చెప్పిన మాటలు తన దగ్గరా ఇలాగే ఆగిపోయాయి కదా అనిపించి సిగ్గేసింది. తడిబట్టలు బకెట్లోనే వదిలేసి లైబ్రరీకి పరుగెత్తాడు.

మెట్ల నిండా జనం. దర్జీ కుట్టు ఆపి బయటికొచ్చి చూస్తున్నాడు. అందరి చేతుల్లో పుస్తకాలు, మొహాల్లో కోపం. "ఇంటికొచ్చి కూర్చుంటారట! రమ్మనండి, నేనూ చూస్తా," అంటూనే ఒక పెద్దమనిషి వరసలో ముందుకి జరుగుతున్నాడు. టీచరమ్మ తన పుస్తకం ఇచ్చేసి, ఎలాగూ వచ్చాను కదా అని ఇంకోటి వెతుక్కుంటోంది. లైబ్రేరియన్‌కి తలెత్తే తీరిక లేదు.

వరసలో ఏడో మనిషి కమిటీ అధ్యక్షుడు. చంకలో తొమ్మిదేళ్ళ కిందట పట్టుకెళ్ళిన తోటపని పుస్తకం.

"చదివి వినిపించమనకమ్మా. ఇంకా మొదలుపెట్టలేదు," అన్నాడు గొంతు తగ్గించి.

"అలాగే సార్. మరి గోదాము సంగతి?"

ఆయన వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. "సామాను ఎక్కడ పెడతామమ్మా? మనిషి నిలబడటానికే చోటు లేదు."

ఆవిడ తలుపు పక్కన ఒదిగి నిలబడ్డ భర్తని చూసి, "బతికిపోయారు. కానీ అందరికీ క్షమాపణ మాత్రం పంపాలి, ఈసారైనా జాగ్రత్తగా," అంది.

సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. పొద్దుటి ఆదేశంలోనే ఆయన రెండు గీతలూ ఇరికించాడు. ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. మీట నొక్కగానే రెండు వందల పన్నెండు పేర్లూ, ఒక్కో పేరు కింద మర్యాదైన క్షమాపణా తెర మీద వరసగా కదిలిపోయాయి. "హమ్మయ్య," అనుకుని ఆవిడ లేచింది. ఆయన బట్టలు ఆరేయడానికి వెళ్ళాడు.

ఆ రోజు మొదటిసారి ఆయన చెప్పిన మాటలన్నీ, పొద్దున పెట్టి తీయడం మరిచిన "ఉత్తుత్తి"తో సహా, ప్రోగ్రాముకు పొల్లుపోకుండా అందాయి. క్షమాపణ మాత్రం ఒక్కరికి కూడా వెళ్ళలేదు.