పెద్దసారి రక్తంలో తేలిక రాగి

ఆ ఉదయం పెద్దసారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున బావమరిది ఇంటికి వెళ్ళడం, ఖాళీ ట్యూబు ఇవ్వడం, నిండిన ట్యూబు పుచ్చుకోవడం, ఏమీ ఎరగనట్టు ఆఫీసుకు చేరడం. ఇందులో తప్పటడుగు పడే చోటే లేదని ఆయన నమ్మకం.

పెద్దసారు ఒక ప్రయోగశాలకు అధిపతి. మనుషుల రక్తంలోని లోహాలను తూచి జబ్బుల ఆచూకీ తీయడం అక్కడి పని. ఒంట్లో ఉండే రాగి అంతా ఒకే బరువు ఉండదు. తేలిక రాగి, బరువు రాగి అని రెండు రకాలు. రెండూ సాధు స్వభావం కలవే, ఎవరి జోలికీ పోవు. కాకపోతే కాలేయం బాగా చెడితే వాటి పాళ్ళు మారి, రక్తంలో తేలిక రాగి వాటా రవ్వంత పెరుగుతుంది. ఆ రవ్వంతను పట్టుకోవాలంటే ముందు ఆరోగ్యవంతుల రక్తం ఎలా ఉంటుందో తెలియాలి. అందుకే పెద్దసారు సిబ్బందిని సమావేశపరచి, అందరూ రక్తం ఇవ్వాలని ఉపన్యసించారు. చప్పట్లు మోగేసరికి ఒళ్ళు తెలియలేదు. "మొట్టమొదటి రక్తం నాదే!" అనేశారు.

అసలు సంగతేమిటంటే, పెద్దసారికి సూది పేరు చెబితే పై ప్రాణాలు పైనే పోతాయి. భార్య చొక్కాకు బొత్తాం కుడుతుంటే ఆ గదిలో కూడా ఉండరు. అన్నమాట వెనక్కి తీసుకునే దారి లేక, "ఇంటి దగ్గరే నర్సు చేత తీయించి తెస్తాను" అని ప్రత్యేకంగా కడిగిన ట్యూబు ఒకటి జేబులో వేసుకుని వచ్చేశారు.

బావమరిదిని చుట్టాలంతా సింహం అంటారు. జుట్టూ అలాంటిదే, గొంతూ అలాంటిదే.

"సూదికి భయమా బావా? ఇంత ఉద్యోగం వెలగబెడుతూ!"

"మెల్లిగా అఘోరించరా! మీ అక్క చెవిన పడితే నా బతుకు బస్టాండే."

"ఇలా పడెయ్. వీధి చివరే క్లినిక్కు. నువ్వు పేపరు తిరగేస్తూ ఉండు, ఇట్టే వచ్చేస్తాను."

కూరగాయలు కూడా తేవాలంటూ సింహం భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. పేపరులో వాతావరణం పేజీ దాటకముందే నిండిన ట్యూబుతో తిరిగొచ్చి, "చీమ కుట్టినట్టు కూడా లేదు బావా!" అని గర్జించాడు. పెద్దసారు మనసులోనే సాష్టాంగపడ్డారు.

కొన్నాళ్ళు సుఖంగా గడిచాయి. ఒక మధ్యాహ్నం త్రాసు మేడమ్ వచ్చి గది తలుపు మూసింది. లోహాలను తూచే యంత్రం ఆవిడ చేతిలో ఉంటుంది. మాటలు కూడా తూచి మాట్లాడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

"సార్, ఈ మధ్య మీకు నీరసంగా ఏమైనా ఉంటోందా?"

"లేదే. ఏం?"

"మీ రక్తంలో తేలిక రాగి ఎక్కువగా ఉంది. మిగతా మగవాళ్ళెవరికీ అలా రాలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను, అంతే వచ్చింది." ఆవిడ కాగితం ముందుకు తోసింది. "ఒక్క పరీక్షతో ఏదీ తేల్చలేం సార్. కానీ కాలేయం ఒకసారి చూపించుకోండి."

పెద్దసారికి మొదట గుండె ఆగినంత పనయింది. మరుక్షణం, ఆ రక్తం తనది కాదు కదా అని గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత, అది ఎవరిదో గుర్తొచ్చి, లేచొచ్చిన ప్రాణానికే సిగ్గేసింది. సింహానికి కాలేయం చెడింది! చెప్పాలంటే తన పిరికితనం బయటపెట్టాలి. చెప్పకపోతే వాడు దక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏదో ఒక మిషతో వాణ్ణి డాక్టరు దగ్గరికి పంపితే సరిపోతుందని ఆయన మధ్యేమార్గం ఆలోచించారు. చదువుకున్నవాళ్ళకు మధ్యేమార్గాలకు కొదవ ఉండదు.

ఆ సాయంత్రమే బుట్టెడు పండ్లతో బావమరిది ఇంటికి వెళ్ళారు.

"ఒరేయ్, నువ్వు నడవకు, అలిసిపోతావు. మెట్లు ఎక్కకు. ఊరికే ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"నాకేం రోగం బావా?"

"ఏం లేదు, ఏం లేదు," అంటూ పెద్దసారు కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళయిన నాటి నుంచి కసురుకోవడమే తప్ప ఎరగని బావ ఇలా కరిగిపోవడం సింహానికి అంతుపట్టలేదు. మనిషి ఊరికే మంచివాడైపోతే ఏదో మూడిందన్నమాటే అనుకుని, అక్కకు ఫోను చేశాడు.

అక్కడ అక్క అప్పటికే వంటింట్లో కూలబడి ఉంది. త్రాసు మేడమ్ పెద్దసారి సంగతి ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరూ ఒక్కొక్కరికే చెప్పారు. నోళ్ళు మారేకొద్దీ రక్తపరీక్ష మాట రాలిపోయి, జబ్బు ఒక్కటే మిగిలింది. చివరికి పెద్దసారిని బావమరిది ఇంటి దగ్గర దింపిన డ్రైవరు ఇటు వచ్చి, "ధైర్యంగా ఉండండమ్మా, ఈ రోజుల్లో కాలేయం మారుస్తున్నారట" అని ఓదార్చి వెళ్ళాడు. ఆఫీసులో అయితే పెద్దసారు విసుక్కున్నా అందరూ జాలిగా నవ్వుతున్నారు. ఆయన తర్వాతి హోదాలోని చిన్నసారు ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచూసుకున్నాడని కూడా వినికిడి.

మర్నాడు అక్కా తమ్ముడూ కలిసి పెద్దసారికి ఉప్పూ కారం లేని భోజనం పెట్టారు. పెద్దసారు తన కంచంలోది బావమరిది కంచంలోకి తోశారు. "నువ్వు తిను, నీకే అవసరం." "కాదు బావా, నీకే." "నా మాట వినరా!" ఉడికిన ముక్కలు అటూ ఇటూ తిరిగి చల్లారిపోయాయి. సింహం భార్య వడ్డించడం ఆపి, వీళ్ళకు మతిగానీ పోయిందా అన్నట్టు చూస్తూ నిలబడింది.

చివరికి అందరూ కలిసి పెద్దసారిని ఆసుపత్రికి లాక్కెళ్ళారు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నర్సు పళ్ళెంతో వచ్చింది. పళ్ళెంలో సూది మెరిసింది.

"నా కాలేయం గుండ్రాయిలా ఉంది! నన్నొదలండి!"

"ఏమండీ, మొండికేస్తే నేనేమైపోవాలి?" భార్య వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అలా ఏడవడం ఆయన చూడలేదు. పరువు పోతే పోయింది, ఈ ఏడుపు చూడడం తన వల్ల కాదనిపించింది.

"అది నా రక్తం కాదే! సూదికి భయపడి నీ తమ్ముడి చేత ఇప్పించాను. జబ్బు వాడికి! ఒరేయ్, నన్ను క్షమించరా. అవసరమైతే నా కాలేయంలో సగం కోసి నీకిస్తాను!" అంటూ బావమరిదిని కావలించుకున్నారు.

సింహం పాలిపోయాడు. కానీ చేయి వేసింది తన పొట్ట మీద కాదు, భార్య భుజం మీద.

"బావా... అది నాదీ కాదు. సూది చూడగానే నాకు కళ్ళు తిరిగాయి. దీని చేత ఇప్పించాను." అంటూనే గోడకు తల ఆనించి బావురుమన్నాడు. "ఓసి నా తల్లీ! నువ్వు లేకపోతే నేనెలా బతకనే!"

ముగ్గురూ ఆమె మీద పడి ఏడ్చారు. ఆమె మాత్రం చీర సర్దుకుని, "ఏడుపు తర్వాత. అన్నయ్యగారూ, ముందు ఆ మేడమ్‌కి ఫోను కొట్టండి," అంది. గొంతు నిబ్బరంగానే ఉంది కానీ, వేళ్ళు కొంగును మెలిపెడుతున్నాయి.

పెద్దసారు ఫోనులో అంతా ఒప్పుకున్నారు.

"అది ఆడవాళ్ళ రక్తమా సార్?"

"అవునమ్మా. నా చెల్లెలు లాంటిది. ఎంత ప్రమాదమో చెప్పు."

"ప్రమాదం ఏమీ లేదు సార్. ఆ వయసు ఆడవాళ్ళ రక్తంలో రాగి అలాగే ఉంటుంది. మగవాళ్ళ పక్కన పెట్టి చూశాం కాబట్టి తేడాగా కనబడింది. ఆవిడ లెక్క ఆవిడకు సరిగ్గానే ఉంది." మేడమ్ తూచి అంది: "తర్వాత ఇనుము కూడా చూశాం సార్. అదీ ఆడమనిషిదే అని వచ్చింది. మీరు అబద్ధమాడతారని అనుకోలేక, యంత్రమే చెడిందనుకుని నిన్న మొత్తం విప్పేశాం."

పెద్దసారికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. అయినా ఆమె క్షేమంగా ఉందన్న సంతోషం సిగ్గును మింగేసింది. నర్సు వైపు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, చేయి చాపారు. ఒక పక్క భార్య, ఇంకో పక్క సింహం భార్య పట్టుకున్నారు. సింహం బావ కాళ్ళు పట్టుకున్నాడు, ఆయన పారిపోకుండానో, తాను పడిపోకుండానో తెలియదు. సూది దిగింది. పెద్దసారు పెట్టిన కేకకు పక్క వార్డు నుంచి రోగులు లేచి వచ్చారు.

మర్నాడు త్రాసు మేడమ్ యంత్రాన్ని మళ్ళీ బిగిస్తుండగా, ఇద్దరు మగ ఉద్యోగులు ఎవరూ పిలవకుండానే వచ్చి, ఇంకా పరీక్షించని తమ రక్తాన్ని వెనక్కి తీసుకునే వీలుందా అని అడిగారు.